పాత ప్రేమను మనసులో పెట్టుకుని పెళ్ళిచూపులకు వెళ్ళవచ్చా?

నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీది మా తమ్ముడి కొడుకు వయసు. అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ముందు నువ్వు అడిగింది క్లుప్తంగా చెబుతాను. నీది నరసన్నపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో చదువుకునే రోజుల్లో ఉద్దానం అమ్మాయిని ప్రేమించావు. కులాలు వేరు. 2016లో ఎంఎస్‌కి టెక్సాస్ వెళ్ళావు. ఉద్యోగం వచ్చాక ఇంట్లో చెబుతానన్నావు, తరువాత అక్కడ ఉద్యోగం చేసుకునే హెచ్‌వన్‌బీ వీసా లాటరీ తగిలాక చెబుతానన్నావు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ కొబ్బరితోట పడిపోయింది. నాలుగు రోజులు ఫోన్ దొరకలేదు. దొరికిన రోజున ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే: "మీ ఇంట్లో చెప్పావా?" 2019 వేసవిలో ఆమెకు వేరే పెళ్ళయింది. ఇప్పుడు నీకు ముప్ఫై మూడు. అమ్మగారు సంబంధాలు చూస్తున్నారు, దసరాకి మూడు వారాల సెలవు మీద వస్తున్నావు. ఆమెకు ఒకసారి మెసేజ్ పెట్టి క్షమాపణ చెప్పుకోవచ్చా, ఆమెను మరచిపోకుండా ఇంకో అమ్మాయిని చేసుకుంటే అది మోసమా, మన సంస్కృతే నీ ప్రేమను చంపేస్తే మళ్ళీ అదే సంస్కృతిలో పెళ్ళి ఎందుకు చేసుకోవాలి అని అడిగావు.

నా గురించి రెండు ముక్కలు. మాది విజయనగరం. 1987లో పెళ్ళి చేసుకుని మిషిగన్ వెళ్ళాను, ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉన్నాను. అందులో పద్నాలుగేళ్ళు, కష్టంలో ఉన్న తెలుగు ఆడవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడే వాలంటీర్‌గా పని చేశాను. మా అమ్మకు వయసు మీద పడ్డాక ఇద్దరం తిరిగి వచ్చేశాం. ఇందులో నా సొంత సంగతులు చాలా వస్తాయి. రాయవచ్చా అని మా ఆయన్ని అడిగాను. రాయమన్నారు.

మెసేజ్ సంగతి ముందు తేల్చేద్దాం. పెట్టకు. పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా పెట్టకు. ఆమెకు భర్త ఉన్నాడు, చిన్న బాబు ఉన్నాడని నువ్వే రాశావు. మన ఊళ్ళలో ఒక కోడలి ఫోన్ ఆమె ఒక్కదానిదే కాదు. బాబు కార్టూన్లు చూస్తాడు, ఆడపడుచు ఫొటోలు చూస్తుంది, మామగారు కరెంటు బిల్లు కట్టమని చేతికి తీసుకుంటారు. నీ మెసేజ్ వచ్చే సమయానికి ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో నీకు తెలియదు. క్షమాపణ అడిగి నువ్వు హాయిగా నిద్రపోతావు, ఆమెకి మాత్రం టెన్షన్ మొదలవుతుంది. నేను ఫోన్‌లో విన్న గొడవల్లో కొన్ని ఇలాంటి ఒక్క వాక్యంతో మొదలైనవే. పెట్టినవాడికి చెడు ఉద్దేశం లేదు. కానీ దెబ్బ తిన్నది అతను కాదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో ఒకచోట 'మా అమ్మానాన్నా ఒప్పుకోలేదు' అని ఉంది. ఇంకో నాలుగు పేరాల కింద 'వాళ్ళకు చెప్పే ధైర్యం చాలలేదు' అని ఉంది. ఈ రెండూ ఒకటి కాదు నాయనా. వెనక్కి వెళ్ళి చదువుకో. వాళ్ళు ఒప్పుకోలేదని నువ్వు అనుకున్నావు గానీ, అడిగిన రోజు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ పెదనాన్న కొడుకు ప్రేమపెళ్ళి చేసుకుంటే మీ నాన్నగారు ఏమన్నారో రాశావు. పండగ భోజనాల దగ్గర మీ అమ్మ ఏమందో రాశావు. నీ విషయంలో వాళ్ళేమన్నారో రాయలేదు, ఎందుకంటే వాళ్ళకు ఇప్పటికీ ఆ సంగతి తెలియదు.

ఈ మాట నిన్ను బాధపెడుతుందని తెలిసే రాస్తున్నాను. నేను కూడా ముప్ఫై ఏళ్ళు ఇదే కథ ఇలాగే చెప్పుకున్నాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకబ్బాయి ఉండేవాడు. పగలు మా క్లాసు, సాయంత్రం సంగీత కళాశాలలో వయొలిన్. 1919లో మొదలైన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపల్. మా ఊరివాళ్ళకి ఆ పేరు చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు కాస్త మారుతుంది. నేను టైపు నేర్చుకునే నెపంతో ఆ వీధిలోంచి వెళ్ళేదాన్ని. మేం కలిసి నడిచింది ఏడాదికి ఒక్కరోజే, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు. దసరా వెళ్ళిన మంగళవారం ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వస్తారు. మూడు లాంతర్ల దగ్గర నిలబడితే కాళ్ళు నేల మీద ఆనవు. అందరి కళ్ళూ ఆకాశంలోకి లేచిన ఆ మాను చివర కూర్చున్న పూజారి మీదే ఉంటాయి, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. అలా మూడు సిరిమానులు చూశాం ఇద్దరం.

1987లో అమెరికా సంబంధం వచ్చింది. పెళ్ళికొడుక్కి ఇరవై ఆరు రోజుల సెలవు. రెండుసార్లు చూశాను, మూడోసారి తాళి కట్టించుకున్నాను. ఆ తరువాత మిషిగన్‌లో మంచు కురిసే ప్రతి సాయంత్రం నాకు నేను చెప్పుకున్న కథ ఒక్కటే. మా నాన్న కులం చూశారు, పరువు చూశారు, నన్ను చూడలేదు. 2009లో ఆయన పోయినప్పుడు వెళ్ళి వచ్చాను. అప్పుడు కూడా లోపల ఆ కోపం అలాగే ఉంది.

ఇక్కడికి తిరిగి వచ్చాక ఒకరోజు అమ్మను అయ్యకోనేరు గట్టు మీదకు నడిపించుకు వెళ్ళాను. అక్కడ ఒక చోట ఆగి అమ్మ నీళ్ళు తాగుతుంటే నాకు గుర్తొచ్చింది. ఇదే గట్టు మీద, పెళ్ళి ఖాయం కాకముందు ఒక సాయంత్రం, నాన్న సైకిల్ స్టాండ్ వేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. "అమ్మడూ, నీకేమైనా మనసులో ఉంటే చెప్పు. ఇంటి దగ్గరయితే అందరూ ఉంటారు. ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను." నేను చెరువు వైపు చూస్తూ "ఏమీ లేదు నాన్నా" అన్నాను. ఆయన ఇంకాసేపు కూర్చున్నారు. తరువాత లేచి సైకిల్ తీశారు.

ముప్ఫై ఏళ్ళు ఆ సాయంత్రం నాకు గుర్తే లేదు. గుర్తుంటే నా కథ నిలబడదు మరి. ఆ రాత్రి అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది, "మీ నాన్నకు ఎవరో చెప్పేరు. అందుకే నిన్ను అక్కడికి తీసుకెళ్ళి అడిగేరు. నువ్వు లేదన్నావు. పోనీలే, వట్టి పుకారే కాబోలు అనుకున్నారు."

అడిగి ఉంటే ఆయన ఒప్పుకునేవారని నేను అనను. ఒప్పుకోకపోవచ్చు కూడా. 1987 విజయనగరం అది. ఎంత గొడవ జరిగేదో ఊహించగలను. కానీ ఒప్పుకోకపోతే ఆ తప్పు ఆయనది అయ్యేది. ఆయనకు ఆ అవకాశమే ఇవ్వకుండా, చేయని నేరానికి చనిపోయే దాకా శిక్ష వేశాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

అందుకే నీ మూడో ప్రశ్న దగ్గర ఇంతసేపు ఆగాను. 'సంస్కృతి చంపింది' అంటున్నావు. కులం పట్టింపు మన జిల్లాల్లో లేదని నేను చెప్పను, దానివల్ల ప్రాణాలు పోయిన ఇళ్ళు కూడా నేను ఎరుగుదును. నీ భయం గాల్లోంచి రాలేదు. కానీ నీ విషయంలో ఆ పట్టింపు గుమ్మం దాకా రానేలేదు. గేటు దగ్గరే నువ్వు వెనక్కి తిరిగావు. కులం వేరైనా ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చెల్లుతుంది. మతాలు వేరైనా 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చి ఇంకో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. అంటే దారి ఉంది. ఆ దారికి కావలసింది రెండు నెలలు సెలవు, అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పే ఒక్క సాయంత్రం. ఆ అమ్మాయి తోట పోయి, కరెంటు లేక, నాలుగు రోజుల తరువాత సిగ్నల్ దొరికిన చోటికి నడిచి వచ్చి నీకు ఫోన్ చేసింది. ఆమె అడిగింది తాళి కాదు, పెళ్ళి తేదీ కూడా కాదు. ఇంట్లో చెప్పావా అని. కొబ్బరి చెట్టు మళ్ళీ నాటితే కాపుకి వచ్చేదాకా ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళు వాళ్ళ నాన్న ఇల్లు ఎలా గడపాలి? ఆడపిల్ల పెళ్ళి ఎన్నాళ్ళు ఆపగలడు? నీకు లాటరీ మళ్ళీ వచ్చే ఏడాది ఉంటుంది. ఆమెకు ఆ ఏడాది లేదు.

ఇది నిన్ను తిట్టడానికి రాయలేదు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడివి, చదువు అప్పు నెత్తిన ఉంది, దేశం కాని దేశంలో ఉన్నావు. భయపడ్డావు. భయపడ్డాను అని నీకు నువ్వు చెప్పుకుంటే ఆ బాధకి ఒక ఒడ్డు ఉంటుంది. సంస్కృతి మీదకు తోస్తే ఒడ్డు ఉండదు. ఎదురుపడిన ప్రతి సంబంధం, ప్రతి పండగ, మీ అమ్మ చేసే ప్రతి ఫోనూ నీకు శత్రువులా కనిపిస్తాయి.

సంస్కృతి గురించి ఇంకొక్క మాట. దేశం వదిలిన రోజున మన కళ్ళల్లో ఊరు ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది. మేం మిషిగన్‌లో 1987ని భద్రంగా దాచుకున్నాం. పిల్లలకు కూచిపూడి, వారాంతం తెలుగు బడి, సంక్రాంతికి అరిసెలు. ఇవన్నీ మంచివే, ఆ సాయంత్రాలు లేకపోతే నేను అక్కడ బతకలేకపోయేదాన్ని. కానీ వాటితో పాటు 1987 నాటి కులం పట్టింపూ, ఆడపిల్ల గట్టిగా నవ్వకూడదన్న మాటా కూడా దాచుకున్నాం. నా స్నేహితురాలు కూతురి ప్రేమపెళ్ళికి ఒప్పుకోక మూడేళ్ళు మాట్లాడలేదు. అదే సమయంలో ఇక్కడ మా మేనత్త మనవరాలు వేరే కులం అబ్బాయిని చేసుకుంటే, మొదట ఆరు నెలలు అలిగిన మేనత్తే సారె కావిళ్ళు కట్టించి పంపింది. ఊరు కదిలింది. మేం కదలలేదు.

మన ఊరు పెళ్ళి గురించి తనతో తాను పోట్లాడుకోవడం ఇప్పుడు కొత్త కాదు, అమెరికా నేర్పిందీ కాదు. పసిపిల్లలను డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు కట్టబెట్టే కన్యాశుల్కం మీద గురజాడ అప్పారావుగారు రాసిన నాటకం 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. చూసినవాళ్ళలో ఆ పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళవాళ్ళూ ఉండే ఉంటారు. అదీ మన సంస్కృతే. అప్పుడు డబ్బు పిల్ల తండ్రి చేతికి వచ్చేది. ఇప్పుడు అమెరికా అబ్బాయి అంటే పిల్లాడి తండ్రి చేతికి వస్తోంది. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమని 1961 నుంచీ చట్టం ఉంది. నీకు సంస్కృతి మీద నిజంగా కోపం ఉంటే దాన్ని చూపించే చోటు ఇదే. మీ నాన్నగారికి ఈసారి ముందే చెప్పు, ఒక్క రూపాయి వద్దని, ఆడపడుచు లాంఛనాల పేరుతో కూడా వద్దని. పాత ప్రేమ గురించి బాధపడుతూ కట్నం దగ్గర తల వంచుకుని కూర్చున్న అబ్బాయిలను నేను చాలామందిని చూశాను. వాళ్ళ బాధ మీద నాకు గౌరవం పోయింది.

ఇక మోసమా కాదా అన్న ప్రశ్న. దీనికి జవాబు నాకు మా ఆయన చెప్పారు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళ దాకా ఆయనకు నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, చేయి కూడా పట్టుకోలేదు కదా అనుకునేదాన్ని. కానీ గుళ్ళో ఎవరైనా వయొలిన్ వాయిస్తే లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన తెల్లవారుజామున లేచి నా కారు మీద మంచు తీసి, ఇంజిన్ వేడి చేసి ఉంచేవారు. నేను థాంక్స్ చెప్పి ఎక్కేదాన్ని. మనసులో మాత్రం, వయొలిన్ వాయించే చేతులు ఇలా పార పట్టుకుని ఉండేవా అని పోల్చేదాన్ని. ఎంత అన్యాయం! ఆ ఒక్కరూ ఎప్పటికీ ఇరవై ఏళ్ళ వయసులోనే ఉంటారు, జ్వరం రాదు, అప్పు ఉండదు, గురక పెట్టరు. ఇంట్లో ఉన్న మనిషి ఆయనతో ఎలా గెలుస్తాడు?

1996లో ఒక చలికాలం కరెంటు పోయి ఇల్లంతా చీకటిగా ఉన్న రాత్రి చెప్పేశాను. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నారు, "ఇది పెళ్ళికి ముందు చెప్పి ఉంటే నేను పెళ్ళి మానుకునేవాణ్ణి కాదు. కానీ ఈ తొమ్మిదేళ్ళూ నాలోనే ఏదో తక్కువ ఉందనుకుని బతికాను. అదొక్కటి తప్పేది."

మరచిపోకుండా పెళ్ళి చేసుకోవడం మోసం కాదు నాయనా. మనసులో ఎవరూ లేని మనిషిని ముప్ఫై మూడేళ్ళ వయసులో ఎక్కడ వెతుకుతావు? రాబోయే అమ్మాయి మనసులోనూ ఎవరైనా ఉండి ఉండవచ్చు, ఆమె కూడా నీలాగే భయపడుతూ ఉండవచ్చు. దాచిపెట్టి, ఆ దాచినదాని బరువు ఆమె చేత మోయించడమే అన్యాయం.

ఆ అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. తిరిగి వచ్చాక ఒక పెళ్ళిలో కనిపించాడు. స్కూలు మాస్టారుగా రిటైరయ్యాడు, పిల్లలకు వయొలిన్ చెబుతాడట. పక్కనే ఉన్న ఆయన భార్య నన్ను చూసి, "అప్పగారూ, మీరేనా? మా పెళ్ళిచూపుల నాడే మీ గురించి చెప్పేరు" అని నా చేయి పట్టుకుని కూర్చోబెట్టి, వడ్డన దగ్గర నాకు అరిటాకు వేయించింది. విజయనగరం దాటని మనిషి, పెళ్ళిచూపుల నాడే నిజం చెప్పాడు. ప్రపంచం చూసిన నేను తొమ్మిదేళ్ళు చెప్పలేకపోయాను. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. అది పోయిన ప్రేమ కోసం కాదు. మా ఆయన మంచు తీసిన పొద్దులన్నీ గుర్తొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు నీ పెళ్ళిచూపులు. హాల్లో పెద్దలందరి మధ్య ఉప్మా ప్లేటు పట్టుకుని చెప్పే మాట కాదిది. అలాగని మొదటి ఫోన్‌లోనే చెప్పాలనీ లేదు. ఇద్దరికీ మాట కలిసింది, ముందుకు వెళ్ళాలని ఉంది అనిపించినప్పుడు, తాంబూలాలు పుచ్చుకోకముందు చెప్పు. పేరు వద్దు, ఊరు వద్దు, ఫొటో అసలే వద్దు. ఆ వివరాలు నీవి కావు, ఆ ఉద్దానం అమ్మాయివి. 'ఒకరిని ఇష్టపడ్డాను, ఇంట్లో చెప్పే ధైర్యం చేయలేదు, ఆమెకు పెళ్ళయిపోయింది, ఇప్పుడు మాటల్లేవు' అంటే చాలు. ధైర్యం చేయలేదన్న ముక్క మాత్రం మింగేయకు. ఆ అమ్మాయి నిన్ను నమ్మవచ్చో లేదో తేల్చుకునేది ఆ ముక్క విన్నాకే. విని వద్దంటే ఆమెను తప్పు పట్టకు.

చెప్పాక ఆమెను అడుగు. నీకేం కావాలి, ఈ పెళ్ళి నీ ఇష్టమేనా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని. అడిగాక ఆగు. మన అమ్మాయిలు మొదటిసారి 'ఏమీ లేదు' అంటారు. నేనూ అన్నాను కదా. వేరే రోజు, వేరే చోట, ఇంకోసారి అడుగు. మా నాన్న రెండోసారి అడిగి ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మూడు వారాల సెలవులో చూపులూ, నిశ్చయం, పెళ్ళీ అన్నీ కానిచ్చేయాలన్న తొందర మీ ఇంట్లో ఉంటుంది. ఒప్పుకోకు. ఈసారి చూసి, మాట్లాడి వెళ్ళిపో. మాఘమాసంలో మళ్ళీ రా. మా రోజుల్లో నీలం రంగు ఏరోగ్రామ్ ఉత్తరాలే దిక్కు, ఇప్పుడు రోజూ ముఖం చూసుకుని మాట్లాడుకోవచ్చు. టికెట్ ఖర్చు ఒకటి పెరుగుతుంది, అంతే.

ఆమె అక్కడికి వచ్చాక ఎలా బతుకుతుందో కూడా ముందే చెప్పాలి. నేను ఫోన్‌లో విన్న ఏడుపుల్లో ఎక్కువ భాగం కొట్టడాలూ తిట్టడాలూ కాదు, ఒంటరితనం. భర్త హెచ్‌వన్‌బీ మీద ఉంటే భార్యకు ఇచ్చేది హెచ్‌ఫోర్ వీసా, దాని మీద వచ్చే ఆమెకు ఉద్యోగం చేసే హక్కు మామూలుగా ఉండదు. 2015 మే నుంచి కొందరికి అనుమతి దొరుకుతోంది గానీ, అది భర్త గ్రీన్‌కార్డు ఫైలు ఒక దశ దాటితేనే. నీ ఫైలు ఎక్కడుందో ఆమెకు కాగితంతో సహా చెప్పు. ఇక్కడ స్కూటీ వేసుకుని కోచింగ్‌కీ ఉద్యోగానికీ తిరిగిన పిల్లను తీసుకెళ్ళి, కారు లేకపోతే పాలప్యాకెట్ కూడా తెచ్చుకోలేని అపార్ట్‌మెంట్‌లో పెట్టి, నువ్వు పొద్దుటే వెళ్ళి రాత్రి వచ్చావనుకో. వచ్చేసరికి నీ మొహంలో ఇంకెవరి కోసమో దిగులు ఉందనుకో. ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? డ్రైవింగ్ నేర్పించు, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు ఉండాలి, పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. పెళ్ళి రిజిస్టర్ చేయించడం మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం తప్పనిసరి, వీసాకీ ఆ సర్టిఫికెట్ కావాలి. దాని ఒరిజినల్ ఒకటి ఆమె పుట్టింట్లో ఉండనీ.

విదేశం అంటే అమెరికా ఒక్కటే కాదని కూడా గుర్తు పెట్టుకో. మీ చుట్టుపక్కల పల్లెల్లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఎంతమంది! ఏళ్ళ తరబడి భార్యాపిల్లలను ఫోన్‌లోనే చూసుకుంటారు. సోంపేట వైపు ఒకావిడ నాతో అంది, "అమ్మా, మా ఆయన అక్కడినుంచి రోజూ ఒకటే అడుగుతాడు, ఏం వండావు అని. నేను చెబుతాను. ఆయన ఇంకేం అడగడు, నేను ఫోన్ పెట్టను." పెళ్ళి మీద నాకు నమ్మకం సడలినప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది. వాళ్ళిద్దరిదీ పెద్దలు కుదిర్చిన పెళ్ళే, మేనరికం.

అసలు పెళ్ళే వద్దనుకుంటే వద్దని చెప్పు. అదీ తప్పు కాదు. ముప్ఫై మూడేళ్ళకే ఒంటరిగా ఉండాలనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ప్రశాంతంగానే ఉంటారు. కానీ నీ ఉత్తరం అలా లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి ఒక్కడివే లైటు వేసుకోవడం గురించి నువ్వు రాసిన ఆ నాలుగు వాక్యాలు చదివితే, నీకు మనిషి కావాలని తెలుస్తోంది.

ఇదంతా పెళ్ళిచూపుల దాకా ఆగే పని కాదు, ముందు మీ ఇంట్లో జరగాలి. 2018లో చెప్పాల్సిన మాట మీ అమ్మకు ఇప్పుడు చెప్పు. ఇప్పుడెందుకు, అయిపోయింది కదా అంటావు. ఆవిడ ఏ తప్పూ తెలియకుండా నీ కోపం మోస్తోంది కాబట్టి. ఫోన్‌లో చెప్పకు. విశాఖలో దిగి ఇంటికి చేరిన మొదటి రోజు నిద్ర తీరనీ. రెండో రోజు మధ్యాహ్నం, నాన్నగారు కునుకు తీసే వేళ, ఆవిడ వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు పీట వాల్చుకుని కూర్చో. నిందలా చెప్పకు. 'అమ్మా, నేనొకమ్మాయిని ఇష్టపడ్డాను, నీకు చెప్పడానికి భయపడ్డాను' అని మొదలుపెట్టు. ఆవిడ మొదట అడిగేది 'ఏ కులం' అనే కావచ్చు. కోపం తెచ్చుకుని లేచి వెళ్ళిపోకు. రెండో ప్రశ్న అడిగేదాకా అక్కడే కూర్చో.